ఫస్టియర్‌లో ఏ క్లబ్‌లో చేరాలి? ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, టెక్నికల్, కల్చరల్.. మీ టైంకి ఏది కుదురుతుంది

కౌన్సెలింగ్ అయ్యి, సీటొచ్చి, ఓరియెంటేషన్ కూడా అయిపోయాక మొదలయ్యే తలనొప్పి ఇది. క్యాంటీన్ ముందు టేబుళ్ళేసుకుని సీనియర్లు పిలుస్తుంటారు, క్లాసు మధ్యలో వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడి క్యూఆర్ కోడ్ చూపించి వెళ్తారు, సాయంత్రానికల్లా ఫోన్లో అరడజను వాట్సాప్ గ్రూపులు తయారు. లాస్ట్ డేట్ రేపే అంటారు. ఈ హడావిడిలో పక్కన కూర్చున్న ఫ్రెండ్ ఏ ఫామ్ నింపితే మనమూ అదే నింపేస్తాం.

జూనియర్లు అడిగేది ఎప్పుడూ ఒకటే, "అక్కా, ఏ క్లబ్ మంచిది?" అని. దీనికి అందరికీ సరిపోయే సమాధానం లేదు, ఎందుకంటే హాస్టల్లో ఉంటూ రాత్రి పదింటిదాకా వర్క్‌షాప్‌లో ఉండగలిగే మెకానికల్ అబ్బాయికి కుదిరేది, రోజూ గంటన్నర కాలేజీ బస్సులో వచ్చిపోయే అమ్మాయికి కుదరదు. అందుకే క్లబ్బుల పేర్లు కాసేపు పక్కన పెట్టి, ముందు దేన్ని చూసి తేల్చుకోవాలో చెప్తా, తర్వాత ఒక్కోటి తీసుకుందాం. రాసేదంతా ఏపీ, తెలంగాణ ఇంజనీరింగ్ కాలేజీలని దృష్టిలో పెట్టుకునే, డిగ్రీ వాళ్ళకి కూడా చాలావరకు వర్తిస్తుంది.

నా లెక్క ముందే చెప్పేస్తా: ఒక క్లబ్‌లో గట్టిగా పని చేయండి, ఇంకోదాంట్లో తేలిగ్గా ఉండండి, అంతకు మించి వద్దు.

ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు టైం. "వారానికి రెండు గంటలే" అని రిక్రూట్‌మెంట్‌లో అందరూ చెప్తారు, ఆ రెండు గంటలు ఎప్పుడో అడగండి. లంచ్‌లోనా, లాస్ట్ పీరియడ్‌లోనా, నాలుగున్నర తర్వాతా, ఆదివారమా? డే స్కాలర్‌కి అసలు సంగతంతా ఇక్కడే ఉంది. బస్సు నాలుగూ పదికి కదిలిపోతే, నాలుగున్నరకి మీటింగ్ పెట్టే క్లబ్‌లో మీరు పేరుకే మెంబర్, పని హాస్టల్ వాళ్ళు చేస్తారు, వచ్చే ఏడాది కోర్ టీమ్‌లోకి కూడా వాళ్ళే వెళ్తారు. మీకు ఇష్టం లేక కాదు, బస్సు ఆగదు కాబట్టి.

టైంతోపాటే అటెండెన్స్. జేఎన్‌టీయూ హైదరాబాద్ రూల్స్ ప్రకారం 75 శాతం ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి కండోనేషన్ ఫీజు (తగ్గిన హాజరుని మన్నించడానికి) కట్టాలి, 65 కిందకి పడితే సెమ్ డిటెయిన్, అంటే ఆ సెమ్ మళ్ళీ చదవాలి. క్లబ్ పని మీద క్లాస్ మిస్సయితే ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే క్లాసుకి రాకపోయినా హాజరు వేయడం) ఇస్తామంటారు. ఇస్తారా లేదా అనేది ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ చేతిలో ఉంటుంది, సీనియర్ చేతిలో కాదు. కాబట్టి ఆ క్లబ్‌లో ఉన్న సెకండియర్ వాళ్ళని పోయిన సెమ్ మీకు ఓడీ పడిందా అని సూటిగా అడిగేయండి.

తర్వాత, మీ చేతికి ఏ పని ఇస్తారనేది. నా దృష్టిలో దీన్ని మించిన ప్రశ్న లేదు గానీ అడిగేవాళ్ళే తక్కువ. పోస్టర్ మీద రోబో బొమ్మ ఉంటుంది, తీరా చేరాక ఏడాదంతా కుర్చీలు సర్దడం, క్లాసులు తిరిగి వర్క్‌షాప్ టికెట్లు అమ్మడం, ఇన్‌స్టా స్టోరీ షేర్ చేయడం. కుర్చీలు సర్దడం చిన్న పనేం కాదు, ఎవరో ఒకరు చేయాల్సిందే, కానీ అదొక్కటే చేయిస్తే మీరు రోబోటిక్స్ నేర్చుకున్నట్టు కాదు. కోర్ టీమ్‌లో లేని ఒక మామూలు సెకండియర్ మెంబర్‌ని పట్టుకుని "పోయిన సెమ్‌లో నువ్వు నీ చేత్తో ఏం చేశావ్?" అని అడగండి. ప్రెసిడెంట్‌ని అడిగితే క్లబ్ ఏం చేసిందో చెప్తాడు, మామూలు మెంబర్‌ని అడిగితేనే మీరేం చేయబోతున్నారో తెలుస్తుంది.

డబ్బు కూడా చూడాలి. మెంబర్‌షిప్ ఫీజు, టీషర్టు, ఫెస్ట్‌కి వెళ్తే రైలు చార్జీలు, కాస్ట్యూమ్ అద్దె.. విడివిడిగా చిన్నవే, ఏడాది తిరిగేసరికి నాన్న పంపే పాకెట్ మనీలో పెద్ద ముక్కే పోతుంది. రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలు దీన్ని దాచుకోకుండా ముందే అడగాలి, సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

సర్టిఫికెట్ సంగతి ఆఖర్న చూడొచ్చు. వాటిలో నిజంగా ఎక్కడైనా చెల్లే కాగితాలు తక్కువ, అవి ఏవో కింద చెప్తా.

ఒక్క చూపులో

| ఆప్షన్ | టైం ఎప్పుడు పడుతుంది | జేబు ఖర్చు | డే స్కాలర్‌కి | చివరికి చేతికొచ్చేది |
|---|---|---|---|---|
| ఎన్ఎస్ఎస్ | ఆదివారాలు, సెలవులు, ఒక వారం క్యాంపు | దాదాపు లేదు | బాగా కుదురుతుంది | ఊళ్ళో పని చేసిన అనుభవం, రెండేళ్ళ సర్టిఫికెట్ |
| ఎన్‌సీసీ | వారం వారం పరేడ్, పది రోజుల క్యాంపులు | తక్కువ | పరేడ్ పొద్దున్నే అయితే కష్టం | బీ, సీ సర్టిఫికెట్లు, ఫిట్‌నెస్ |
| కోడింగ్ / డెవలపర్ క్లబ్ | ఎక్కువగా ఆన్‌లైన్, రాత్రిళ్ళు | లేదు | బాగా కుదురుతుంది | ప్రాజెక్టులు, హ్యాకథాన్ టీమ్ |
| ఐఈఈఈ లాంటి చాప్టర్లు | నెలకి ఒకటి రెండు ఈవెంట్లు | ఏటా ఫీజు | ఫర్వాలేదు | కాంటాక్టులు, ఈవెంట్ నడిపిన అనుభవం |
| బాహా లాంటి బండి టీమ్‌లు | రోజూ సాయంత్రం, సీజన్‌లో రాత్రిళ్ళు | ఎక్కువ | చాలా కష్టం | చేతిపని, కోర్ (సొంత బ్రాంచి) జాబ్‌కి బలం |
| డాన్స్, మ్యూజిక్, డ్రామా | ఫెస్ట్ ముందు రోజూ | మధ్యస్థం | ప్రాక్టీస్ టైం మీద ఆధారం | స్టేజ్ ధైర్యం, స్నేహాలు |
| టోస్ట్‌మాస్టర్స్, డిబేట్ | వారం లేదా పదిహేను రోజులకోసారి | టోస్ట్‌మాస్టర్స్‌కి ఫీజు | లంచ్‌లో పెడితే కుదురుతుంది | మాట్లాడటం |
| ఫెస్ట్ కమిటీ | ఒకటి రెండు నెలలు పూర్తిగా | తక్కువ | కష్టం | పని చేయించడం, డబ్బు లెక్కలు |

ఎన్ఎస్ఎస్

ఎక్కువమంది తక్కువగా అంచనా వేసేది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

ఎన్ఎస్ఎస్ అంటే నేషనల్ సర్వీస్ స్కీమ్, గాంధీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో, 40 వేల మంది వాలంటీర్లతో మొదలైంది, ఇప్పటికీ ఏటా ఆ రోజున ఎన్ఎస్ఎస్ డే చేస్తారు. రూల్ సింపుల్‌గా ఉంటుంది: ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకి 240, దాంతోపాటు ఒక ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. రెండూ పూర్తయితేనే సర్టిఫికెట్. 120 అనగానే భయపడతారు గానీ ఏడాది మొత్తానికి పంచి చూస్తే వారానికి రెండున్నర గంటలు కూడా ఉండదు. చేసిన గంటలు డైరీలో రాసుకుని ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో సంతకం పెట్టించుకోవాలి. ఈ సంతకాలు ఏ రోజువి ఆ రోజే పెట్టించుకోండి, ఫైనల్‌గా ఒకేసారి పెట్టిద్దాంలే అనుకుంటే ఆ సార్‌కి ట్రాన్స్‌ఫర్ అయిపోతే మీ గంటలకి సాక్ష్యం ఉండదు.

అసలు విలువంతా క్యాంపులో ఉంది. దత్తత తీసుకున్న ఊళ్ళో ప్రభుత్వ బడి క్లాస్‌రూముల్లో దుప్పట్లు పరుచుకుని పడుకుంటారు, అమ్మాయిలకి వేరే గది, తోడుగా లేడీ ఫ్యాకల్టీ. పొద్దున్న శ్రమదానం అంటే కాలువల్లో పూడిక తీయడం, బడి ఆవరణలో ముళ్ళకంప కొట్టేయడం. మధ్యాహ్నం సర్వే. చేతిలో అట్ట, దానికి క్లిప్ పెట్టిన ఫామ్, ఇంటింటికీ వెళ్ళి ఇంట్లో ఎంతమంది, ఎవరు చదువుకుంటున్నారు, ఎవరు ఎందుకు మానేశారు, మరుగుదొడ్డి ఉందా, ఉంటే వాడుతున్నారా అని అడగాలి. మొదటి ఇంట్లో నోరు పెగలదు. "మీరెవరమ్మా, పింఛను వాళ్ళా?" అంటుంది అరుగు మీద కూర్చున్న పెద్దావిడ. కాదని అర్థమయ్యేలా చెప్పి, ఆవిడ మనవరాలు పదో తరగతి తర్వాత ఎందుకు ఆగిపోయిందో తెలుసుకుని ఫామ్‌లో రాసేసరికి, మనుషులతో మాట్లాడటం అంటే ఏంటో పుస్తకం లేకుండా అర్థమవుతుంది. సిటీలో పుట్టి పెరిగిన పిల్లలకి ఈ వారం చాలా అవసరమని గట్టిగా నమ్ముతా.

మిగతా ఏడాదంతా మొక్కలు, ర్యాలీలు, ఓటర్ నమోదు, రక్తదాన శిబిరాలు. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి, రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్ళు నిండాలి, కనీసం 45 కిలోలు ఉండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఫస్టియర్‌లో చాలామందికి ఇంకా 17, కాబట్టి మొహమాటానికి వయసు ఎక్కువ చెప్పి పడుకోవద్దు, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూడా బోలెడు పని ఉంటుంది. ఓటుకి మాత్రం 17 నిండితే ముందస్తుగా ఫామ్ 6 పెట్టుకోవచ్చు, మీది పెట్టుకుని మీ క్లాస్ మొత్తంతో పెట్టించండి.

మైనస్ ఏంటంటే, మొత్తం ప్రోగ్రామ్ ఆఫీసర్ మీద ఆధారపడి ఉంటుంది. సార్ లేదా మేడమ్‌కి ఇష్టం ఉంటే అద్భుతంగా నడుస్తుంది, లేకపోతే బ్యానర్ పట్టుకుని ఫొటో దిగడంతో సరి. పోయిన ఏడాది క్యాంపు ఏ ఊళ్ళో జరిగింది, ఎన్ని రోజులు పడుకున్నారు అని అడిగితే తేలిపోతుంది.

ఎన్‌సీసీ

ఎన్ఎస్ఎస్‌కీ దీనికీ మధ్య ఊగిసలాడేవాళ్ళు చాలామంది, కానీ రెండూ వేరే దారులు. ఎన్‌సీసీ అంటే నేషనల్ క్యాడెట్ కోర్, 1948లో కేంద్ర చట్టంతో వచ్చింది, ఆర్మీ, నేవీ, ఎయిర్ మూడు వింగులు ఉంటాయి, మీ కాలేజీలో ఏ యూనిట్ ఉంటే అదే, కొన్ని కాలేజీల్లో అసలు ఉండదు. సీట్లు తక్కువ, పరుగు పెట్టిస్తారు, మెడికల్‌గా ఫిట్‌గా ఉండాలి. బీ సర్టిఫికెట్‌కి రెండేళ్ళు, సీ సర్టిఫికెట్‌కి మూడేళ్ళు పడుతుంది, పరేడ్‌కి 75 శాతం హాజరు ఉండాలి, క్యాంపులు తప్పనిసరి. యాన్యువల్ ట్రైనింగ్ క్యాంపు పది రోజులుంటుంది, పొద్దున్నే పీటీ, తర్వాత డ్రిల్, వెపన్ ట్రైనింగ్, మ్యాప్ రీడింగ్, ఫైరింగ్. కమాండ్లన్నీ హిందీలో, సావధాన్, విశ్రామ్ అని మొదలవుతుంది, హిందీ రాని మన పిల్లలు మొదటి వారం బిక్కమొహం వేస్తారు, రెండో వారానికి అలవాటైపోతుంది.

ఇందాక చెల్లే కాగితం అన్నానే, అందులో ముఖ్యమైంది సీ సర్టిఫికెట్. కనీసం బీ గ్రేడ్‌తో సీ ఉండి, డిగ్రీలో 50 శాతం మార్కులుంటే, సైన్యంలో ఆఫీసర్ ఉద్యోగాలకి పెట్టే సీడీఎస్ రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డ్) ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చు, దీన్నే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అంటారు, సెలెక్టయితే చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) లాంటి చోట ట్రైనింగ్. అయితే ఎస్ఎస్‌బీ ఐదు రోజులు జరుగుతుంది, సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అక్కడ ఎవరూ తేలిగ్గా వదలరు, మెరిట్ లిస్టులో రావాల్సిందే. అగ్నివీర్‌కి కూడా ఎన్‌సీసీ సర్టిఫికెట్లకి బోనస్ మార్కులుంటాయి.

ఎవరికి: యూనిఫామ్ ఉద్యోగం మీద మనసున్నవాళ్ళకి, ఆర్మీ, పోలీస్ ఏదైనా. ఎవరికి వద్దు: మూడేళ్ళు ఆగలేనివాళ్ళకి. రెండేళ్ళు నిండకుండా మానేస్తే ఎండలో నిలబడిన రోజులకి కాగితం మిగలదు. పరేడ్ రోజు పొద్దున్న కాలేజీ బస్సు కన్నా ముందే గ్రౌండ్‌లో ఉండాల్సి వస్తుంది, డే స్కాలర్లు ఇంట్లో ఎవరు దింపుతారో మాట్లాడుకుని చేరండి.

టెక్నికల్ క్లబ్బులు

టెక్నికల్ క్లబ్ అని అందరూ ఒకే గాటన కట్టేస్తారు గానీ ఇందులో మూడు రకాలున్నాయి, మూడూ పూర్తిగా వేరు.

ఒకటి కోడింగ్, డెవలపర్ క్లబ్బులు. ఇంతకుముందు జీడీఎస్‌సీ అనేవాళ్ళు, ఇప్పుడు గూగుల్ డెవలపర్ గ్రూప్స్ ఆన్ క్యాంపస్ అంటున్నారు, ఫీజు లేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ ఉంది, వాళ్ళతో కలిసి పనిచేసే క్లబ్బులు కొన్ని కాలేజీల్లో ఉన్నాయి. కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్ వాళ్ళైతే ఐసీపీసీ అనే కాలేజీల ప్రోగ్రామింగ్ పోటీకి రెడీ అవుతారు, ముగ్గురు కలిసి ఒకే కంప్యూటర్ మీద ఐదు గంటలు. డే స్కాలర్లకి ఈ రకం చాలా బాగుంటుంది, ఎక్కువ పని ఇంటి నుంచే అయిపోతుంది కదా. క్లబ్ బాగుందో లేదో చూడాలంటే వాళ్ళ ఇన్‌స్టా చూడొద్దు, కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ చూడండి. ఆఖరి కమిట్ (కోడ్‌లో చేసిన మార్పు) ఎప్పుడు, ఎంతమంది వేరు వేరు మనుషులు కోడ్ పెట్టారు.. రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంకోటి, స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి టీమ్‌లో ఆరుగురుండాలి, కనీసం ఒక అమ్మాయి ఉండి తీరాలి, కాలేజీలో ముందు ఇంటర్నల్ రౌండ్ ఉంటుంది. అమ్మాయిలూ, ఆఖరి నిమిషంలో "ఒక అమ్మాయి కావాలి" అని వచ్చే టీమ్‌లో పేరు ఇవ్వకండి, మొదటి నుంచి మీకు ఒక మాడ్యూల్ అప్పగించే టీమ్‌లోనే చేరండి.

రెండు, ఐఈఈఈ, ఏసీఎం, సీఎస్ఐ లాంటి ప్రొఫెషనల్ సొసైటీల స్టూడెంట్ చాప్టర్లు. వీటికి ఏటా ఫీజు కట్టాలి, ఐఈఈఈది జనవరి నుంచి డిసెంబర్ లెక్క, కాబట్టి మధ్యలో కడితే ఎప్పటిదాకా చెల్లుతుందో చూసుకుని కట్టండి. మంచి చాప్టర్ అయితే ఐఈఈఈ ఎక్స్‌ట్రీమ్ లాంటి 24 గంటల ప్రోగ్రామింగ్ పోటీకి టీమ్‌లని తయారు చేస్తుంది, పేపర్ రాయడం నేర్పిస్తుంది. లేకపోతే గెస్ట్ లెక్చర్, శాలువా, గ్రూప్ ఫొటో. ఫస్టియర్‌లో ఫీజు కట్టాల్సిన తొందరేం లేదని నా అభిప్రాయం, చాలా ఈవెంట్లకి మెంబర్ కాకపోయినా రానిస్తారు, ఒక ఏడాది చూసి సెకండియర్‌లో కట్టండి.

మూడోది బండి కట్టే టీమ్‌లు. మెకానికల్, ఆటోమొబైల్ వాళ్ళ ప్రాణం ఇది. బాహా ఎస్ఏఈ ఇండియా 2007 నుంచి జరుగుతోంది, ఎక్కువగా ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో. ఎగుడుదిగుడు నేల మీద పరిగెత్తే ఒక్క సీటు బండిని స్టూడెంట్లే డిజైన్ చేసి, పైపులు వంచి, వెల్డింగ్ చేసి కట్టాలి, చివర్లో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు ఉంటుంది, చాలా బండ్లు అక్కడే ఆగిపోతాయి. ఫస్టియర్ వాళ్ళకి మొదట ఇచ్చేది గ్రైండింగ్, పైపులకి తుప్పు గీకడం, బిల్లులు ఫైల్ చేయడం. అది తక్కువ పని అనుకోవద్దు, రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే పైపుల చట్రం) జాయింట్ దగ్గర పైపు సరిగ్గా నోచ్ చేయకపోతే, అంటే ఇంకో పైపుకి అతికేలా కోయకపోతే, వెల్డ్ నిలవదు, ఆ సంగతి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కన్నా గ్రైండర్ చేతిలో ఉన్నప్పుడే తెలుస్తుంది. కాకపోతే ఖర్చు లక్షల్లో ఉంటుంది, కాలేజీ కొంత, స్పాన్సర్లు కొంత, మిగతాది టీమ్ జేబులోంచే, మీ వంతు ఎంతో చేరేముందే కాగితం మీద రాయించుకోండి. కోర్ కంపెనీలో ఉద్యోగం కావాలనుకునే హాస్టలర్‌కి దీన్ని మించింది లేదు, డే స్కాలర్‌కి మాత్రం ఇంట్లో బండి, రాత్రి లేటైతే ఒప్పుకునే అమ్మానాన్న రెండూ ఉంటేనే.

కల్చరల్

డాన్స్, మ్యూజిక్, డ్రామా, షార్ట్ ఫిల్ములు. "వీటివల్ల ఏం లాభం" అని ఇంట్లో అంటారు, మీకు ఆ కళ మీద ప్రేముంటే ఆ ప్రశ్న పట్టించుకోకండి. నాలుగేళ్ళు కోడ్ మాత్రమే రాసి బయటికెళ్ళిన వాళ్ళలో, పాట ఆపేసినందుకు ఇప్పటికీ బాధపడేవాళ్ళు నాకు తెలుసు.

ఆడిషన్ ఉంటుంది, రాకపోతే సెకండియర్‌లో మళ్ళీ ఇవ్వొచ్చు. కొన్ని నెలలు ఏమీ ఉండదు, ఫెస్ట్‌కి నాలుగు వారాల ముందు నుంచి రోజూ ప్రాక్టీస్. వరంగల్ నిట్ స్ప్రింగ్ స్ప్రీ, హైదరాబాద్ బిట్స్ పెర్ల్, ఐఐటీ హైదరాబాద్ ఎలాన్ లాంటివాటికి బయటి కాలేజీల టీమ్‌లు కూడా వెళ్తాయి, అక్కడ స్టేజ్ ఎక్కడమే ఒక పెద్ద మెట్టు. ఆ ఫెస్ట్‌లు మిడ్స్‌తో కలిసి వస్తే ఏం చేస్తారని సీనియర్లని అడగండి. కూచిపూడో కర్ణాటక సంగీతమో చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాళ్ళు క్లబ్‌లో అంతా వెస్టర్నే ఉందని వెనక్కి తగ్గుతుంటారు, తగ్గకండి, సోలో కేటగిరీ దాదాపు ప్రతి ఫెస్ట్‌లో ఉంటుంది, అక్కడ పోటీ తక్కువ.

మాట్లాడే క్లబ్బులు

ఇంగ్లీష్ భయం ఉన్నవాళ్ళకి నా మొదటి సలహా టోస్ట్‌మాస్టర్స్, కాలేజీలో ఉంటే. డిబేట్ క్లబ్, ఎంయూఎన్ (ఐక్యరాజ్యసమితి సభలా నడిపే డిబేట్) వీటికన్నా ముందు ఇదే ఎందుకంటే ఇక్కడ ఎవరినీ ఓడించక్కర్లేదు. మొదటి మీటింగ్‌లోనే స్పీచ్ ఇవ్వమనరు, టైమర్ రోల్ తీసుకోవచ్చు: గ్రీన్, ఎల్లో, రెడ్ కార్డులు పట్టుకుని స్పీకర్‌కి టైం చూపించడం, చివర్లో లేచి ఎవరు ఎంతసేపు మాట్లాడారో నాలుగు వాక్యాల్లో చెప్పడం. ఆ నాలుగు వాక్యాలు ముందే రాసుకుని చదవొచ్చు. తర్వాత ఆ-కౌంటర్, అంటే ఎవరు ఎన్నిసార్లు ఆ.. ఊ.. అన్నారో లెక్కపెట్టడం. అలా నెమ్మదిగా ఒకటి రెండు నిమిషాల టేబుల్ టాపిక్, ఆ పైన ఐదు నుంచి ఏడు నిమిషాల స్పీచ్. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి మెట్లు ఇంత చిన్నగా ఉండటమే పెద్ద ధైర్యం. ఫీజు డాలర్లలో ఉంటుంది, కాలేజీ కొంత భరిస్తుందేమో కనుక్కోండి, గెస్ట్‌గా కొన్ని మీటింగులు ఊరికే వెళ్ళొచ్చు.

ఈ-సెల్ (సొంత వ్యాపారం మొదలుపెట్టాలనుకునేవాళ్ళ క్లబ్) గురించి ఒక్క మాట: బిజినెస్ ఐడియా నిజంగా ఉన్నవాళ్ళకి, లేదా డబ్బులు అడగడం నేర్చుకోవాలనుకునేవాళ్ళకి. హైదరాబాద్‌లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్ ఉంది కాబట్టి దగ్గర కాలేజీల వాళ్ళకి ఈవెంట్లు అందుబాటులో ఉంటాయి. మోటివేషన్ వీడియోల కోసమైతే చేరక్కర్లేదు. రోటరాక్ట్, స్ట్రీట్ కాజ్ లాంటి సేవా సంస్థలు ఎన్ఎస్ఎస్ లేని కాలేజీల్లో మంచి ప్రత్యామ్నాయం, ఫండ్ రైజింగ్ ఎక్కువ చేస్తారు, వసూలు చేసిన డబ్బు లెక్క మెంబర్లందరికీ చూపిస్తారో లేదో చూడండి.

యూనియన్లు క్లబ్బుల లెక్కలోకి రావు. ఉస్మానియా, హెచ్‌సీయూ లాంటి యూనివర్సిటీ క్యాంపస్‌లకి వెళ్ళేవాళ్ళకి అవి ఎదురవుతాయి, హెచ్‌సీయూలో ఎన్నికలు కూడా జరుగుతాయి. అది అభిప్రాయాల విషయం, ఒక ఏడాది అన్ని వైపులా విని తేల్చుకోండి, మొదటి నెలలోనే ఎవరి కండువా కప్పుకోవద్దు.

మీ పరిస్థితిని బట్టి

డే స్కాలర్ అయితే ఎన్ఎస్ఎస్ గట్టిగా, డెవలపర్ క్లబ్ తేలిగ్గా. రెండిటికీ బస్సుతో గొడవ లేదు.

అమ్మాయిలకి ఇంట్లో క్యాంపుకి ఒప్పుకోకపోవడం మామూలే. "అందరూ వెళ్తున్నారు" అంటే వినరు. ఊరి పేరు, పడుకునే చోటు, తోడు వచ్చే మేడమ్ పేరు, ప్రోగ్రామ్ ఆఫీసర్ నంబర్, హెచ్ఓడీ సంతకం ఉన్న లెటర్.. ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి అమ్మకి ఇవ్వండి, వీలైతే మేడమ్‌తో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి. చాలా ఇళ్ళల్లో దీంతోనే పని అయిపోతుంది. హాస్టల్ ఇన్-టైం ఆరున్నర అయితే సాయంత్రం ప్రాక్టీస్‌లుండే క్లబ్‌లో అమ్మాయిలకి వార్డెన్ నుంచి పర్మిషన్ ఎలా తెస్తున్నారో అడగండి, పద్ధతి ఉన్న క్లబ్‌లో దీనికి వెంటనే సమాధానం వస్తుంది.

బ్యాక్‌లాగ్స్ పడినవాళ్ళు ఫెస్ట్ కమిటీలకి ఆ ఏడాది దూరంగా ఉండండి, అవి సరిగ్గా మిడ్స్ ముందే మనిషిని మింగేస్తాయి. ఎన్ఎస్ఎస్ ఆదివారాలు అలాగే ఉంచుకోవచ్చు.

సీఎస్ఈ వాళ్ళు, ప్లేస్‌మెంట్స్ గురించే ఆలోచిస్తున్నవాళ్ళు వినండి. క్యాంపస్ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు రెజ్యూమెలో ఐదు క్లబ్బుల కోర్ మెంబర్ అని చూస్తే నేను అడిగేది ఒక్కటే, ఇందులో నువ్వు చేసిన ఒక పని చెప్పు అని. చాలామంది "కోఆర్డినేట్ చేశా" దగ్గర ఆగిపోతారు. ఒకమ్మాయి మాత్రం ఫెస్ట్ రిజిస్ట్రేషన్ డెస్క్ చూశానంది, ఒకే ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఇద్దరు ముగ్గురు చూపించి లోపలికి వెళ్ళిపోతున్నారని గమనించి, యూటీఆర్ నంబర్ (ఒక్కో పేమెంట్‌కి వచ్చే వేరే నంబర్) షీట్‌లో ఎక్కించి, రిపీట్ అయితే ఎర్రగా చూపించేలా ఫార్ములా పెట్టిందట. ఎంత డబ్బు తేడా వచ్చింది, క్యూ పెరిగితే ఏం చేశావ్ అని నేను అడుగుతుంటే తడుముకోకుండా చెప్పింది, ఎందుకంటే తను నిజంగా అక్కడ నిలబడింది. ఆ క్లబ్ పేరేంటో నాకిప్పుడు గుర్తు లేదు. ఏ క్లబ్ అయినా, చెప్పుకోవడానికి ఇలాంటి పని ఒకటి మిగలాలి.

ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళు ఎస్ఓపీలో (అడ్మిషన్ కోసం మన గురించి రాసే వ్యాసం) రాసుకోవడానికి కూడా ఇదే. అక్కడికి వెళ్ళాక ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్ ఎలాగూ పలకరిస్తుంది, ఎయిర్‌పోర్ట్ పికప్, మొదటి వారం ఉండటానికి చోటు లాంటివి చాలా యూనివర్సిటీల్లో వాళ్ళే చూస్తారు. దాంతోపాటు మన తెలుగువాళ్ళు లేని ఒక క్లబ్‌లో కూడా చేరండి, లేకపోతే రెండేళ్ళూ అదే నలుగురితో అదే అపార్ట్‌మెంట్‌లో గడిచిపోతాయి. ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్ వీసా) మీద సెమిస్టర్‌లో క్యాంపస్ జాబ్ వారానికి 20 గంటలే కాబట్టి, జాబ్ గంటలు పోను మిగిలింది చూసుకుని క్లబ్ ఎంచుకోండి.

సెలెక్షన్, మానేయడం

ఇంటర్వ్యూలో "ఎందుకు చేరాలనుకుంటున్నావ్" అంటే నేర్చుకోవడానికి అని అందరూ చెప్తారు. మీకు ఏ రోజుల్లో ఎన్ని గంటలు కుదురుతుందో, ఏ పని వచ్చో, ఏ పని అస్సలు రాదో చెప్పండి, మంచి సీనియర్‌కి కావాల్సింది అదే. సెలెక్షన్ పేరుతో డాన్స్ చేయమని అవమానించడం, రాత్రి రూముకి పిలవడం లాంటివి జరిగితే అది సెలెక్షన్ కాదు, ర్యాగింగ్. మనకి 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. ఆ క్లబ్ ఎంత పేరున్నదైనా వదిలేయండి.

చేరాక కుదరకపోతే గ్రూపులో మ్యూట్ పెట్టి మాయమైపోకండి. మీ దగ్గరున్న పని, ఫైళ్ళు, పాస్‌వర్డ్‌లు, డబ్బు ఏదైనా ఉంటే ఇంకొకరికి అప్పజెప్పి, "అన్నా, ఈ సెమ్ కుదరట్లేదు" అని ఒక మెసేజ్ పెడితే చాలు, రేపు రిఫరల్ అడగాల్సింది కూడా ఆ అన్ననే.

ఏది ముందు తేల్చుకోవాలి అంటే ఎన్‌సీసీ. మూడేళ్ళ లెక్క కాబట్టి ఫస్టియర్ దాటితే బీటెక్‌లో సీ సర్టిఫికెట్‌కి టైం బొటాబొటీ అయిపోతుంది, ఎన్‌రోల్‌మెంట్ నోటీసు ఎప్పుడు పెడతారో కాలేజీలో ఎన్‌సీసీ చూసే ఏఎన్ఓ సార్‌ని మొదటి వారంలోనే కనుక్కోండి. ఎన్ఎస్ఎస్‌కి రెండేళ్ళు చాలు. మిగతావాటిలో సెకండియర్‌లో కూడా తీసుకుంటారు. డిప్లొమా చేసి ఈసెట్‌తో నేరుగా సెకండియర్‌లోకి వచ్చేవాళ్ళు "అందరూ అప్పటికే గ్రూపులైపోయారు" అని ఆగిపోతుంటారు, మీ చేతిలో ఇంకా మూడేళ్ళున్నాయి, లేత్ మిషన్ మీద, సర్క్యూట్ మీద చేయి తిరిగినవాళ్ళు మీరు, బండి టీమ్‌లకీ రోబోటిక్స్ వాళ్ళకీ మీలాంటివాళ్ళే కావాలి. వర్క్‌షాప్‌కి వెళ్ళి మీకొచ్చిన పని ఒకటి చేసి చూపించండి.